వెయ్యకూడని జోకుల కాగితం

వీరరాఘవయ్య మొదటిసారి తాత అయ్యేనాటికి అతనికి ఇరవై తొమ్మిదేళ్ళు. మనవడికి ముప్పై ఎనిమిది.

మద్రాసులో ఒక స్టూడియో ఫ్లోరు మీద జరిగిందది. తాత వేషం కట్టవలసిన పెద్దాయన ఆ ఉదయం కడుపు చెడి రాలేకపోయాడు. దర్శకుడు తల పట్టుకుని చుట్టూ చూస్తే, చిన్న వేషానికొచ్చి మూల నుంచుని కాఫీ చల్లార్చుకుంటున్న వీరరాఘవయ్య కనిపించాడు.

"ఏమయ్యా, నీ బట్టతల భలే ఉందే!" అన్నాడు దర్శకుడు. అతని బట్టతలని మెచ్చుకున్నవాడు ఈ జన్మకి ఆయనొక్కడే.

అరగంటలో తెల్ల మీసం అతికించి, భుజాన కండువా వేసి, చేతికి కర్ర ఇచ్చారు. హీరోగారు వచ్చి కాళ్ళకి దండం పెట్టారు. "నిండు నూరేళ్ళు బతుకు నాయనా" అని తాత దీవించాడు. మనవడు లేవడానికి ఇబ్బంది పడుతుంటే చెయ్యిచ్చి లేపింది కూడా తాతే.

ముసలివాడిలా ఎలా నటించాలో అతనికి తెలియదు. తోచిందేదో చేశాడు. కుడిచెయ్యి వణికించాడు. ప్రతి మాటకీ ముందు ఒక దగ్గు దగ్గాడు. నేలమీద సూది పారేసుకున్నవాడిలా వంగి వెతుక్కుంటూ నడిచాడు. హాల్లో జనం పడీపడీ నవ్వారు. ఇక ముప్పై ఏళ్ళపాటు అతను తాతగానే బతికాడు. పోస్టరు మీద అతని మొహం ఎప్పుడూ పడలేదు. పేరు చెబితే ఎవరికీ తెలియదు గానీ, దగ్గితే మాత్రం, "ఆఁ, మీరా!" అనేవాళ్ళు.

పరిశ్రమ మద్రాసు వదిలి హైదరాబాదు చేరుకుంటున్న రోజుల్లో, ఎనభై అయిదులో, అతను కూడా భార్య జగదాంబనీ, రెండు ట్రంకు పెట్టెల్నీ, తెల్ల మీసాల డబ్బానీ వెంటబెట్టుకుని వచ్చేశాడు. యూసుఫ్‌గూడలో కొమురమ్మ ఇంటి వెనక వాటాలో దిగారు. కొమురమ్మకి రెండు బర్రెలు, ఒక వేపచెట్టు, చుట్టుపక్కల నాలుగు వీధుల మీదా అభిప్రాయాలూ ఉండేవి.

సినిమాలు లేని రోజుల్లో వీరరాఘవయ్య పెళ్ళిళ్ళలో, వార్షికోత్సవాల్లో ఇరవై నిమిషాల హాస్యం ఐటం ఒకటి చేసేవాడు. అందులో రకరకాల యాసలుండేవి. ఒకరోజు పొద్దున్నే కొమురమ్మ పాలచెంబుతో వచ్చి గుమ్మంలో నిలబడింది.

"రాఘవయ్యా, నిన్న గా ఫంక్షన్ల మా ఆటో ఆయన లెక్క మాట్లాడినవట గద?"

"మాట్లాడానండీ. జనం బాగా నవ్వారు" అన్నాడతను సంబరంగా.

"ఏదీ, జర గదొక్కసారి మాట్లాడు."

అతను చొక్కా సర్దుకుని నిలబడి, ఐదు నిమిషాలు మాట్లాడాడు. కొమురమ్మ మొహంలో ఒక్క గీత కదల్లేదు.

"గట్ల ఎవరు మాట్లాడుతరు?" అంది చివరికి.

"మీరేనండీ... ఇక్కడి వాళ్ళు..."

"మేం గట్ల మాట్లాడం. నీకు మా మాట రాదు రాఘవయ్యా. నువ్వేమో రానిది మాట్లాడుతవు, గాళ్ళేమో తెల్వనిది ఇంటరు. అందరు కలిసి నవ్వుతరు. గందుల ఏమున్నదని నవ్వు?"

పాలు పోసి వెళ్ళిపోయింది. పాతికేళ్ళ నట జీవితంలో అంత చిన్న సమీక్ష అతను వినలేదు. ఆ రోజంతా అన్నం సయించలేదు. మర్నాటి నుంచి ఆవిడ దగ్గరే ఆ భాష నేర్చుకోవడం మొదలుపెట్టాడు. ఏడేళ్ళు నేర్చుకున్నా కొమురమ్మ అతన్ని పాస్ చెయ్యలేదు. ఆ ఆటో ఆయన్ని మాత్రం అతను ఐటంలోంచి తీసేశాడు.

* * *

తొంభై రెండులో వీరరాఘవయ్యకి అరవై ఒకటి నిండాయి. మీసం నిజంగానే తెల్లబడింది. ఇంక జిగురుతో పని లేదని అతను సంతోషించాడు కూడా. సరిగ్గా అప్పుడే జూబ్లీహిల్స్‌లో ఒక కొత్త దర్శకుడి ఆఫీసు నుంచి కబురొచ్చింది. తాత వేషమే. సినిమా అంతా ఉండే తాత.

బండరాళ్ళ మధ్య కట్టిన పెద్ద బంగళా అది. దర్శకుడికి ముప్పై దాటి ఉండవు. ఎంతో మర్యాదగా లేచి నిలబడి, "సార్, ఒక్కసారి నడిచి చూపిస్తారా?" అన్నాడు.

వీరరాఘవయ్య గది ఈ చివర నుంచి ఆ చివరికి నడిచాడు.

"అలా కాదు సార్. ముసలాయన నడిచినట్టు."

"నాకు అరవై ఒకటి బాబూ. ముసలాయన నడక ఇదే."

దర్శకుడు ఇబ్బందిగా నవ్వాడు. "అది నిజమే అనుకోండి. కానీ చూస్తే నమ్మబుద్ధి కావట్లేదు సార్. చిన్నప్పుడు మిమ్మల్ని చూసి ఎంత నవ్వుకునేవాళ్ళమో! ఆ చెయ్యి వణకడం, ఆ వంగడం... అదీ ముసలితనం అంటే."

వీరరాఘవయ్యకి విషయం అర్థమైంది. ముప్పై ఏళ్ళుగా తెలుగు జనానికి ముసలితనం అంటే ఇలా ఉంటుందని తానే నేర్పాడు. ఇప్పుడు నిజంగా ముసలివాడై వస్తే నువ్వు వేరే ఎవరో అంటున్నారు. సరే కానిమ్మని చెయ్యి వణికించాడు. దగ్గాడు. సూది కోసం వంగాడు.

నడుం దగ్గర చిటుక్కుమంది.

"అదీ సార్!" అని దర్శకుడు చప్పట్లు కొట్టాడు. గదిలో ఉన్నవాళ్ళంతా కొట్టారు. "అద్భుతం! అలాగే ఉండండి!"

"ఉండక ఏం చేస్తాను బాబూ" అన్నాడు వీరరాఘవయ్య నేలతో. "లేవలేకపోతున్నాను."

జనం మరింత నవ్వారు. అది నటన కాదని వాళ్ళకి తెలియడానికి చాలాసేపు పట్టింది. ఇద్దరు మనుషులు చెరో పక్కా పట్టుకుని, వంగినవాణ్ణి వంగినట్టే ఆటో ఎక్కించారు. ఆ వేషం ముప్పై నాలుగేళ్ళ కుర్రనటుడికి వెళ్ళింది. అతను మీసం అతికించుకుని చాలా బాగా ముసలివాడయ్యాడట.

నడుముకి మందు రాస్తూ జగదాంబ ముందు కోప్పడింది. తరువాత వీపు వెనక ఆవిడ చెయ్యి ఆగిపోయింది. ఏడుస్తోందేమోనని అతను మెడ తిప్పబోయాడు. ఆవిడ పమిట నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతోంది.

"నేలతో మాట్లాడారా?" అంది.

"మరి దర్శకుడు కనిపిస్తేనా!" అన్నాడతను. తనకీ నవ్వొచ్చింది. నవ్వితే నడుం కలుక్కుమంది.

* * *

ఆ రోజుల్లో ఎవరితో ఏం మాట్లాడాలన్నా మనుషులు ముందు అటూ ఇటూ చూసుకునేవారు. పాతబస్తీలో ఏడాదికోసారి కర్ఫ్యూ, పేపరు తెరిస్తే కులాల గొడవ, రథయాత్రల గొడవ. పెద్ద గొడవలు అలా ఉండగా, కృష్ణానగర్‌లో ఒక చిన్న గొడవ పుట్టింది. చిన్న వేషాల కళాకారుల సంఘం రెండుగా చీలింది.

మద్రాసు నుంచి వచ్చిన వాళ్ళకే వేషాలన్నీ పోతున్నాయని ఇక్కడి వాళ్ళ ఫిర్యాదు. ఇన్నేళ్ళ అనుభవం ఉన్నవాళ్ళని కాదని ఎవరికిస్తారని అక్కడి నుంచి వచ్చిన వాళ్ళ వాదన. రెండిట్లోనూ కొంత నిజం ఉండటంతో రాజీ కుదరలేదు. ఒకే సందులో ఎదురెదురుగా రెండు బోర్డులు వెలిశాయి. ఒక దానికి సత్యనారాయణమూర్తి అధ్యక్షుడు, పాలకొల్లు మనిషి, ఎంత కోపంలోనైనా 'అండీ' వదలడు. రెండోదానికి మల్లికార్జున్, రహమత్ నగర్ మనిషి, కోపం లేనప్పుడు కూడా కోపంగానే కనిపిస్తాడు. ఇద్దరికీ యాభై అయిదు దాటాయి. ఇద్దరి జుట్టూ కాటుకలా నల్లగా ఉంటుంది.

వీరరాఘవయ్యకి రెండు వైపులా స్నేహితులున్నారు. ఒక బోర్డు కింద టీ తాగితే రెండో బోర్డు వాళ్ళు చూస్తారు కాబట్టి, అక్కడా ఒక టీ తాగేవాడు. ఆ వయసులో తటస్థంగా ఉండటమంటే రోజంతా కడుపులో మంటే.

తొంభై మూడు ఉగాదికి ఎవరో పెద్దమనుషులు పూనుకుని, ఫిలింనగర్‌లో ఒకే షామియానా కింద రెండు సంఘాల ఉత్సవం పెట్టించారు. పాట ఎవరు పాడాలో తేలలేదు. డాన్సు ఎవరు చెయ్యాలో తేలలేదు. హాస్యానికి మాత్రం వీరరాఘవయ్య పేరు చెప్పగానే ఇద్దరు అధ్యక్షులూ సరేనన్నారు. అతను ఎవరి మనిషీ కాడు మరి. అయితే ఒక షరతు పెట్టారు: ఏమేం జోకులు వెయ్యకూడదో ముందే కాగితం మీద రాసుకోవాలి.

ఉత్సవానికి రెండు రోజుల ముందు ముగ్గురూ కూర్చున్నారు. సత్యనారాయణమూర్తి కలం తీశాడు.

"మద్రాసు మాట ఎత్తొద్దండీ. మావాళ్ళు నొచ్చుకుంటారు."

"మా యాస తియ్యొద్దు సార్" అన్నాడు మల్లికార్జున్. "సినిమాల మా మాట మాట్లాడేటోడు రౌడీ గాకుంటే పనోడు. ఇగ స్టేజీ మీద గూడ అదే అయితే మంచిగుండది."

"అది నేనే మానేశానండీ, కొమురమ్మగారి దయవల్ల" అన్నాడు వీరరాఘవయ్య. అది రాసినందుకు అతనికి బాధ లేదు.

కానీ కాగితం అక్కడ ఆగలేదు. మతం వద్దన్నారు, కులం వద్దన్నారు. పార్టీలు, హీరోలు, హీరోల అభిమానులు, నిర్మాతలు, నిర్మాతల బావమరుదులు. లావు వద్దని మూర్తి అంటే, అటైతే సన్నం కూడా వద్దని మల్లికార్జున్ అన్నాడు. అత్తగార్లు వద్దని మూర్తి గట్టిగా చెప్పాడు, వాళ్ళ అత్తగారు ముందు వరసలో కూర్చుంటుందట. మందు తాగడం గురించి వద్దన్నాడు మల్లికార్జున్, ఎవరి గురించో చెప్పలేదు. ఎవరి నిషేధం పైన రాయాలన్న తగాదాలో కాగితం మధ్య గీత కొట్టి, అటొక వరసా ఇటొక వరసా చేశారు. ఆఖర్న ఇద్దరూ ఒకరి తలవైపు ఒకరు చూసుకుని, 'జుట్టుకు రంగు వేసుకొనుట' అని చెరో వరసలోనూ రాసుకున్నారు.

"మరి నేనేం మాట్లాడాలండీ?" అన్నాడు వీరరాఘవయ్య.

"ఏదో... మంచి హాస్యం చెయ్యండి."

"ఎవరి మీద గాకుండ చెయ్యున్రి."

"ముసలితనం మీద చెయ్యనా?"

"ఎవరి ముసలితనం?" అని ఇద్దరూ ఒక్కసారే అడిగారు. ఆ పూట వాళ్ళిద్దరి గొంతూ కలిసింది అక్కడొక్కచోటే.

"నాదేనండీ."

"అయితే సరే" అని మూర్తి ఆ కాగితం మడిచి అతని జేబులో పెట్టాడు.

* * *

షామియానాలో మధ్యన దారి వదిలి కుర్చీలు వేశారు. దారికి ఇటు వీళ్ళూ, అటు వాళ్ళూ. కొమురమ్మకీ జగదాంబకీ ఏ వైపు కూర్చోవాలో తెలియక, ముందుకి వచ్చి సరిగ్గా దారి మొదట్లోనే రెండు కుర్చీలు వేయించుకున్నారు.

వీరరాఘవయ్య మైకు ముందుకొచ్చి నమస్కారం పెట్టాడు. జూబ్లీహిల్స్ బంగళాలో నేలతో మాట్లాడిన కథ మొదలుపెట్టాడు. ఇంట్లో జగదాంబ దగ్గర బ్రహ్మాండంగా పేలిన కథే. ఇక్కడ ఒక్కరూ నవ్వలేదు. నవ్వు రాక కాదు. ఇటువాళ్ళు అటువాళ్ళు నవ్వుతారేమోనని చూస్తున్నారు, అటువాళ్ళు ఇటు చూస్తున్నారు. ముందు నవ్వినవాడు తమ పక్షాన్ని ఓడించినట్టే అని కూర్చున్నారు. పెదవులు బిగబట్టి, బుగ్గలు ఉబ్బి, కొందరికి కళ్ళనీళ్ళు కూడా తిరుగుతున్నాయి.

ఆ మౌనానికి వీరరాఘవయ్యకి చెమట పట్టింది. తరువాత ఏం చెప్పాలో మరిచిపోయాడు. అతనికి ఈమధ్య అలవాటైన మతిమరుపే అది. ఇంట్లో అయితే దానివల్ల సుఖమే, ఎవరిమీద కోపం వచ్చిందో సాయంత్రానికి గుర్తుండదు. స్టేజీ మీద మాత్రం కాళ్ళ కింద నేల లేనట్టయింది. ఐటం రాసిపెట్టుకున్న చీటీ కోసం జేబులో చెయ్యి పెట్టి కాగితం తీశాడు. కళ్ళజోడు కోసం రెండో జేబు తడిమాడు. అది ఇంట్లో టీవీ మీద ఉండిపోయింది. కాగితం దగ్గరగా పెట్టుకున్నాడు, దూరంగా పెట్టుకున్నాడు. అక్షరాలు చీమల్లా పాకుతున్నాయి.

"మూర్తిగారూ, కాస్త ఇది చదివి పెడతారా?" అన్నాడు మైకులో, నిజంగా సాయమే అడుగుతూ.

సత్యనారాయణమూర్తి స్టేజీ ఎక్కి కాగితం అందుకున్నాడు. చెయ్యి చాపాడు. ఇంకా చాపాడు. చెయ్యి అయిపోయింది.

"మరీ చిన్నగా రాశారండీ" అన్నాడు విసుగ్గా.

"ఇటియ్యున్రి, నేను చదువుత" అంటూ మల్లికార్జున్ కింది నుంచి ఎక్కాడు. తనూ చెయ్యి చాపి చూశాడు. తల వెనక్కి వంచి చూశాడు. "మీరు గీడ్నే పట్టుకోని నిలబడున్రి సార్, నేను జర దూరం పోయి చూస్త" అని కాగితం మూర్తి చేతికిచ్చి, వెనక్కి ఒక్కొక్క అడుగే వేస్తూ స్టేజీ అంచుదాకా వెళ్ళాడు. మూర్తి కాగితాన్ని గుండెలకి ఎదురుగా పట్టుకుని, ఫోటోకి నిలబడినట్టు నిలబడ్డాడు. మల్లికార్జున్ కళ్ళు చికిలించి, కూడబలుక్కుని, అన్నిటికన్నా కింద కనిపించిన మాటని మొత్తం షామియానాకి వినబడేలా చదివాడు:

"జుట్టుకు... రంగు... వేసుకొనుట."

"ఎవరేసుకున్నరు?" అంది ముందు కూర్చున్న కొమురమ్మ, నిజంగానే తెలుసుకోవాలని.

షామియానా పేలిపోయింది.

ఆ నవ్వు ముందు ఏ వైపు మొదలైందో తరువాత ఎంత విచారించినా తేలలేదు. తన జేబులోంచి వచ్చింది చీటీ కాదనీ, ఆ కాగితమనీ వీరరాఘవయ్యకి అప్పుడు తెలిసింది. గబుక్కున వెళ్ళి లాక్కుందామనుకున్నాడు. మోకాళ్ళు ఒప్పుకోలేదు. పక్కనున్న కుర్చీలో కూలబడ్డాడు.

మూర్తికి పట్టుదల వచ్చింది. ఇంతమంది ముందు చదవలేకపోయాడనిపించుకోకూడదని, లోపలి జేబులో ఎవరికీ తెలియకుండా దాచుకున్న కళ్ళజోడు తీసి పెట్టుకున్నాడు. తన వరస గడగడా చదివాడు. "మద్రాసు. లావు. అత్తగార్లు..." వాళ్ళ అత్తగారు ముందు వరసలోంచి లేచి నిలబడి మరీ చూసింది. రెండో వరస దగ్గరికొచ్చేసరికి ఆగిపోయాడు. "ఇది మీదండీ, మీరే చదవండి" అని కళ్ళజోడు తీసి మల్లికార్జున్‌కిచ్చాడు.

మల్లికార్జున్ పెట్టుకుని చూసి ఆశ్చర్యపోయాడు. "సాఫ్ కనబడుతున్నదే! నీ నంబరెంత?"

"రెండున్నరండీ."

"నాది గూడ రెండున్నరే!"

మైకు దగ్గరే ఉందని ఇద్దరూ మరిచిపోయారు. ఇక ఒక్క నిషేధం అటు, ఒక్కటి ఇటు, కళ్ళజోడు ఈ ముక్కు మీంచి ఆ ముక్కు మీదికి ప్రయాణం చేసింది. ఒక్కొక్కటి చదివినప్పుడల్లా కుర్చీలోంచి వీరరాఘవయ్య చేతులు జోడించి, "అది వెయ్యను" అనేవాడు. "అదీ వెయ్యను." అంతకు మించి ఒక్క మాట మాట్లాడలేదు. ముప్పై ఏళ్ళు గంతులేసి, దగ్గి, వణికి తెప్పించిన నవ్వులన్నీ కలిపినా ఇంత నవ్వు అతను వినలేదు. దారికి అటూ ఇటూ ఉన్నవాళ్ళు కుర్చీలు పట్టుకుని ఊగిపోతుంటే, అతను ఉన్నట్టుండి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. దగ్గాడు. ఆ దగ్గు నిజమైనదే. దానికీ నవ్వారు.

* * *

మర్నాడు పొద్దున్న రెండు సంఘాల నుంచీ రెండు ఉత్తరాలొచ్చాయి. తమ అధ్యక్షుణ్ణి ముందు పిలిచి అవమానించారని ఒకటి. తమ అధ్యక్షుణ్ణి పిలవనే లేదు, ఆయనే ఎక్కవలసి వచ్చిందని రెండోది. రెండిట్లోనూ వీరరాఘవయ్యకి ఆర్నెల్లు వెలి. రెండు సంఘాలూ ఒకే మాట మీద నిలబడటం ఏడాదిలో అదే మొదటిసారని జగదాంబ ఆనందించింది. సంఘాలు మాత్రం కలవలేదు. ఎదురెదురు బోర్డులు అలాగే ఉండిపోయాయి. మూర్తీ మల్లికార్జునూ సందులో ఎదురుపడితే ఇదివరకు మొహం తిప్పుకునేవారు, ఇప్పుడు మొహం తిప్పుకుని నవ్వుకునేవారు.

టీలు తప్పాయి. వీరరాఘవయ్య కడుపులో మంట తగ్గింది.

ఆ సంగతి నోటా నోటా పాకి, ఎక్కడికి పిలిచినా ఆ కాగితం ఐటమే చెయ్యమనేవారు. పోయిన చోటల్లా నిర్వాహకుల్ని కూర్చోబెట్టి, దేనిమీద జోకు వెయ్యకూడదో రాసివ్వమనేవాడు. కుర్చీలో కూర్చుని అదే చదివేవాడు. జనం తమ భయాల్ని తామే విని నవ్వుకునేవారు. కొన్ని మాటలు మాత్రం అతను చదవకుండా దాటేసేవాడు. ఎవరికి నిజంగా నొప్పో, ఎవరికి ఉత్త బింకమో తెలుసుకోవడానికి తనకి అరవై ఏళ్ళు పట్టిందని జగదాంబతో అనేవాడు. "వయసులో ఉండగా ఈ పని చేస్తే తన్నేవాళ్ళే. ఇప్పుడు తన్నడానికి చెయ్యెత్తినవాడు కూడా నా మోకాళ్ళు చూసి కుర్చీ వేస్తున్నాడు."

తొంభై ఆరులో షేక్‌పేటలో ఒక పెళ్ళికి పిలిచారు. పెళ్ళివారు మంచివాళ్ళు, కాగితం అడిగితే నవ్వేశారు. "మా దగ్గర గట్లాంటియేం లెవ్వు సార్. మీకు నచ్చినోళ్ళ మీద ఎయ్యున్రి" అన్నారు. వీరరాఘవయ్యకి ఏనాడూ లేని గాభరా పుట్టింది. ఏ అడ్డూ లేకపోయేసరికి ఎటు కదలాలో తోచలేదు. ఎలాగో మొదలుపెట్టి, మగపెళ్ళివారు భోజనాల దగ్గర చూపిన పరాక్రమం గురించి రెండు మాటలన్నాడు.

మూడో వరసలో ఒక పెద్దమనిషి లేచాడు. ఎర్ర తలపాగా, గుబురు మీసం. "ఏంది సార్, మా మీద ఎయ్యబడితిరి?"

సన్నాయి వాళ్ళు కూడా ఆగిపోయారు. వీరరాఘవయ్య మైకు కాస్త కిందికి వంచుకుని, ఎంతో వినయంగా అడిగాడు. "తప్పేనండీ. మరి ఎవరి మీద వెయ్యమంటారో మీరే సెలవియ్యండి."

పెద్దమనిషి ఆ ప్రశ్నని చాలా శ్రద్ధగా తీసుకున్నాడు. గడ్డం గోక్కుని ఆలోచించాడు. పందిరంతా అతనితోపాటు ఆలోచించింది. చివరికి పక్క కుర్చీలో లడ్డూ తింటున్న మనిషి భుజం మీద చెయ్యి వేశాడు.

"మా బామ్మర్ది మీద ఎయ్యున్రి. గీయన ఏమనుకోడు."

బామ్మర్ది లడ్డూ మింగి, మూతి తుడుచుకుని లేచి నిలబడ్డాడు. "నా మీద ఎన్నన్న ఎయ్యున్రి సార్. గని మా అక్క మీద ఎయ్యొద్దు, ఇంట్ల బావను పరేషాన్ చేస్తది."

వీరరాఘవయ్య కుర్చీ ముందుకి లాక్కుని, మోకాళ్ళు మెల్లగా సర్దుకుని కూర్చుని, "మీ పేరు చెప్పండి నాయనా" అన్నాడు.